గడ్డ ఇచ్చినవాళ్ల ఊళ్లకు

మా ల్యాబులో చేసే పని చెబితే చాలామంది ముందు మొహం చిట్లిస్తారు. మేం క్యాన్సర్ గడ్డల్ని పెంచుతాం. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీసిన గడ్డలోంచి, రోగి ఒప్పుకుంటే, బియ్యపుగింజంత ముక్క మా దగ్గరికి వస్తుంది. దాన్ని కడిగి, కణాలుగా విడదీసి, మెత్తటి జెల్‌లో నాటి, ఒంటి వేడిలో ఉంచి, రోజు విడిచి రోజు మేత మారుస్తూ సాకుతాం. అదృష్టం బాగుంటే కొన్ని వారాలకు జెల్ లోపల చిన్న చిన్న ఉండలు కడతాయి. వాటి మీద మందులు పోసి ఏది పనిచేస్తుందో చూస్తాం.

అందులో నా వంతు ఆ జెల్ తయారీ. పళ్లెంలో చదునుగా పెంచిన కణాల తీరు వేరు, ఒంట్లో ఉన్నప్పుడు వాటి తీరు వేరు. పళ్లెంలో తేలిగ్గా చచ్చిన కణమే ఒంట్లో మందుకు లొంగకుండా కూర్చుంటుంది. అందుకని బుగ్గ లోపలి కండ ఎంత బిగువుగా ఉంటుందో జెల్ కూడా అంతే బిగువుగా చేయాలి. జున్నులా వదులైతే పనికిరాదు, కొబ్బరి ముక్కలా గట్టిపడ్డా పనికిరాదు. గడ్డ చుట్టూ ఉండే మామూలు కణాల్ని అందులో కలపాలి, రక్తం పారే దారుల్లాంటి సన్నని కాలువలు తీయాలి. ఇదంతా కుదరడానికి మాకు ఏళ్లు పట్టింది. అంతా కుదిరి, చెప్పినట్టు వింటూ పెరిగింది ఒకే ఒక్క మనిషి గడ్డ. డబ్బా మీద ఆమె పేరుండదు, నంబరు ఉంటుంది. ఆ నంబరును నేను రోజూ చూస్తాను కానీ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఇంకో ఊళ్లోని ల్యాబువాళ్లు ఆ కణాలు తమకూ ఇస్తారా అని అడిగారు. ఆమె ఒప్పుకున్నది మా ఒక్కరి వరకే. బయటికి ఇవ్వాలంటే మళ్లీ అడగాలి. ఆమె వద్దంటే ఇవ్వం. అసలు ఉంచుకోవద్దంటే మా ఫ్రీజర్లలో ఉన్నవన్నీ తీసి నాశనం చేయాలి. పద్ధతి అది.

ఆసుపత్రిలో గడ్డ ఇచ్చినవాళ్లతో మాట్లాడే నర్సు సునీత. సొంతూరు వికారాబాద్. ఆమె ఫోన్ చేస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "అంజమ్మా, ఫికర్ చెయ్యకు. నీ గడ్డ ఈడ మస్తు మంచిగ పెరుగుతున్నది. మా మేడం నిన్ను సూడనీకె వస్తది" అంది. అవతలి నుంచి ఏం వినిపించిందో తెలియదు. సునీత ఫోన్ పెట్టేసి, అంజమ్మకు ఎలాగూ పరీక్షకు రావలసిన సమయమైందనీ, ముందుగానే వికారాబాద్‌లో చెల్లెలింటికి వస్తుందనీ, అక్కడే కలవొచ్చనీ చెప్పింది. మరో కబురు కూడా చెప్పింది. తాండూరులో గౌస్ భాయ్ అని ఒకాయన గడ్డ ముక్క ఇచ్చాడు, వచ్చిన ప్రతిసారీ మీ ల్యాబువాళ్లు మా ఇంటికెప్పుడొస్తారని అడుగుతాడు, ఎలాగూ వెళ్తున్నాం కాబట్టి ఆయన్నీ చూసొద్దామని.

హైదరాబాదులో ఇన్నేళ్లుగా ఉంటున్నా వికారాబాద్ అంటే నాకు రైలు కిటికీలోంచి కనిపించే బోర్డు మాత్రమే. దసరా అయిన వారం, సునీతతో కలిసి బయల్దేరాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. మిగిలింది జరిగింది జరిగినట్టు, వాళ్లను అడిగే రాస్తున్నాను.

వికారాబాద్

స్టేషన్ బయట సీతాఫలాలు. ఇటు చూస్తే బుట్ట, అటు చూస్తే బుట్ట. మా రాజమండ్రిలో పండు ఇంతని లెక్కబెట్టి అమ్ముతారు. ఇక్కడ బుట్ట బుట్టే. నేను రెండొందల బుట్టను నూటయాభైకి బేరమాడి గెలిచానని సంబరపడుతుంటే సునీత పక్కకు తిరిగి నవ్వింది. "నూరుకే ఇస్తరు మేడం. మీ మాటినంగనే రేటు పెంచింది" అంది. నా "ఎంతండీ" పట్టించేసిందట.

అంజమ్మ చెల్లెలి ఇల్లు మార్కెట్ వెనక సందులో ఉంది. ఇంటి ముందు మంచం వాల్చి ఉంది, దాని మీద మడతపెట్టిన దుప్పటి. మనిషి లేదు.

"నిన్న మాపటికి వచ్చింది," అంది చెల్లెలు. "అన్నం గూడ సరిగ తినలె. తెల్లారంగనే లేసి, గొర్లకు పానం బాగలేదట, పోత అన్నది. ఊర్లకెల్లి ఫోన్ వచ్చింది లేదు, ఏం లేదు. నాకైతె సమజ్ గాలె."

"మరి ఎల్లుండి ఆసుపత్రికి పోవాలె గదా?" అంది సునీత.

"అదే నేనూ అన్న. పోను అన్నది."

సునీత ఫోన్ చేసింది. స్విచాఫ్. చెల్లెలు మాకు టీ ఇచ్చింది, అక్క బదులు తానేదో తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని. అంజమ్మ ఊరు దోమ దగ్గర. ఆ రోజు వెళ్లినా మళ్లీ పారిపోతుందేమో, ఒక రోజు ఆగి వెళ్దామని సునీత అంది. నాకు సంతకం సంగతి కన్నా పరీక్షకు రానన్న మాట ఎక్కువ గుచ్చుకుంది. సగం దవడ తీసేసిన మనిషి, గడ్డ మళ్లీ వచ్చిందో లేదో చూపించుకోవడానికి రానంటే ఎలా?

అనంతగిరి

చేతిలో సగం రోజు మిగిలింది. ఊరికే ఇంట్లో కూర్చుని బెంగపడేకన్నా గుట్ట ఎక్కుదామంది సునీత. వానలు వెళ్లిపోయినా అడవి ఇంకా ఆరలేదు. దారి పొడవునా ఆకుల మీంచి నీళ్లు రాలుతున్నాయి. పద్మనాభస్వామి గుడి మెట్ల దగ్గర బీదర్ నుంచి వచ్చిన ఒక ముసలి జంట కనిపించింది. ఆవిడ కన్నడంలో ఏదో అడిగింది, సునీత తెలుగులో జవాబు చెప్పింది, ఇద్దరికీ సరిపోయింది. మూసీ పుట్టిన చోటు ఇదేనని చూపిస్తే నేను నమ్మలేకపోయాను. హైదరాబాదులో దాని వంతెన మీద ముక్కు మూసుకుని దాటేదాన్ని. ఇక్కడ ఆ నీళ్లు దోసిట్లో పట్టి మొహం కడుక్కున్నాను.

కాల్చిన మక్కబుట్ట, అంటే మా మొక్కజొన్న పొత్తు, ముప్పై రూపాయలు. ఉప్పూ కారం కలిపిన నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చారు. అది తింటూ, బేరమాడి గెలిచిన బుట్టను పక్కన పెట్టానో లేదో, కోతి వచ్చి ఒక పండు తీసుకుంది. తరువాత దాని బంధువర్గం వచ్చింది. బుట్ట ఖాళీ అయ్యేదాకా మేం దూరంగా నిలబడి చూశాం. సునీత మొదట నవ్వింది, తరువాత ఉన్నట్టుండి అంజమ్మ మాట ఎత్తింది.

"నాకు చెప్పకుండ పోయేది కాదు మేడం ఆమె," అంది. "ఆపరేషన్ అప్పుడు పదిహేను దినాలు నా చెయ్యి పట్టుకునే పన్నది."

సునీత వాళ్లమ్మ రాత్రి భోజనంలో పచ్చిపులుసు పోసింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపి, అలాగే పోసేస్తారు. మూడుసార్లు వడ్డించుకున్నాను. భోజనం కాగానే ఆవిడ దేవుడి దగ్గర్నుంచి జమ్మి ఆకు తెచ్చి నా చేతిలో పెట్టి, "బంగారం బిడ్డా, తీసుకో" అని దగ్గరికి తీసుకుంది. దసరా రోజు కలవనివాళ్లకు దాచి ఉంచుతారట. ఎన్నడూ చూడని మనిషిని అలా కావలించుకోవడం మా ఇళ్లలో లేదు. కాసేపు ఎటు చూడాలో తెలియలేదు, కానీ బాగుంది.

తాండూరు

పొద్దున్నే రైలు. కంది చేలు పూతకొచ్చి రెండు వైపులా పచ్చగా, పసుపుగా పరుచుకుని ఉన్నాయి. ఊరు దగ్గరపడేసరికి చేలు పోయి బండలు మొదలయ్యాయి. పలకలు పలకలుగా పేర్చిన నాపరాళ్లు, నీలం కలిసిన బూడిద రంగు. ఊళ్లో గోడలూ, అరుగులూ, మురికికాలువల మూతలూ అన్నీ ఆ రాయే. ఆటోలో ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ, డ్రైవరు ఫోన్‌లో కన్నడం.

గౌస్ భాయ్ బండలు పాలిష్ చేసేచోట దొరికాడు. ఆపరేషన్ అయ్యాక బరువులు ఎత్తడం మానేశాడు, ఇప్పుడు బావమరిది దగ్గర పలకల్ని చూసి వేరుచేసే పని. నోరు పూర్తిగా తెరుచుకోదు. మాటలు పళ్ల సందుల్లోంచి వస్తాయి, అయినా ఆగవు.

"ఆవో మేడం, ఆవో! సునీత సిస్టర్, ఎన్ని దినాల్నుంచి పిలుస్తున్న నేను!"

నమస్కారం పెట్టే తొందరలో నేను వెనకున్న పలకల వరసకు ఆనుకున్నాను. అవి అప్పుడే మిషన్ కిందినుంచి వచ్చిన తడి బండలు. చీర వెనకంతా బూడిదరంగు బురద. గౌస్ భాయ్ తల పట్టుకుని మమ్మల్ని నేరుగా ఇంటికి తీసుకుపోయాడు. ఆయన భార్య రజియా నా కొంగు పట్టి వెనక నిలబడి తడిగుడ్డతో తుడుస్తుంటే, ఆయన ముందు నిలబడి అడిగాడు.

"ఎట్లున్నది మేడం?"

"బాగున్నాను గౌస్ భాయ్. మీరెలా ఉన్నారు?"

"మనం కాదు. హైద్రాబాద్‌ల ఉన్నది కదా, నా ముక్క. గది ఎట్లున్నది? గల్లీల అందరికి చెప్పిన, మనది పెద్ద ల్యాబుల ఉన్నదని."

ఆయన ముక్క మా దగ్గర పెరగలేదు. మొదటి వారంలోనే పోయింది. ఈ సంగతి ఎవరూ ఆయనకు చెప్పలేదు, మా పద్ధతిలో చెప్పాలని కూడా లేదు. ఉన్నట్టే మాట్లాడి బయటపడొచ్చు. సునీత నా వైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తోంది.

"మీది పెరగలేదు గౌస్ భాయ్," అన్నాను. "నోట్లో ఉండే సూక్ష్మజీవులు ముక్కతో పాటు వచ్చేశాయి. కణాల కన్నా అవే ముందు పెరిగిపోయాయి. కాపాడలేకపోయాం."

వెనక రజియా చెయ్యి ఆగింది. తరువాత ఆయన భుజాలు ఊగసాగాయి. నవ్వుతున్నాడు.

"తోబా! నా నోట్లె ఉన్నప్పుడు ఎవ్వలు సాకకున్న పెరిగె. మీరు ఏసీల పెట్టి, మేత ఏసి, మంచిగ సూసుకుంటె పెరగలె!"

"మంచిదాయె," అంది రజియా. "గాడ గూడ బతుకలె. కిస్సా ఖతం."

నవ్వు తగ్గాక ఆయన మళ్లీ అడిగాడు. "మరి ఫుకట్‌ల పోయిందా?"

వృథాగా పోలేదనడానికి మాత్రం నా దగ్గర నిజమైన జవాబు ఉంది. ఆయన ముక్క పాడయ్యాక మేం కడిగే పద్ధతి మొత్తం మార్చాం. ఏ మందునీళ్లలో ఎంతసేపు ఉంచాలి, ఎన్నిసార్లు మార్చాలి అన్నది కొత్తగా కుదుర్చుకున్నాం. ఆ తరువాత వచ్చిన ముక్కల్లో చెడిపోయినవి తక్కువ. అదే చెప్పాను.

"అంటే కడుగుడు నా దాంతోని నేర్చిన్రు."

"అవును."

"బస్. గంత చాలు." గల్లీకి చెప్పుకోవడానికి ఆ ముక్క సరిపోయిందన్నట్టు తల ఊపాడు.

రజియా ఖిచిడీ, చింతపండు పులుసులాంటి ఖట్టా, వేయించిన అప్పడం పెట్టింది. మా ఇంట్లో కిచిడీ అంటే ఒంట్లో బాగాలేనప్పుడు తినేది. ఇక్కడ అది పొద్దుటి పండగ. ఆయన పళ్లెంలో ఖిచిడీని మెత్తగా మెదిపి, ఖట్టా పోసి, చిన్న చెంచాతో తింటున్నాడు. తింటూనే అన్నాడు. "డాక్టర్ సాబ్ మంచిగున్నవు పో అంటడు. నేను ఇంటికొచ్చి రోజు పొద్దుగాల అద్దం ముంగట నిలవడి, నోట్లె టార్చ్ కొట్టి సూసుకుంట. ఏడాది సూసిన. తిన్నవా అని అందరడుగుతరు. డర్ లగ్తా క్యా, భయమైతున్నదా అని ఒక్కలడగలె."

"నేనడిగిన కదా," అంది రజియా.

"నువ్వడిగినవ్. నేను ఝూట్ చెప్పిన."

ఆమె గిన్నెలో మిగిలిన ఖట్టా ఆయన పళ్లెంలో పోసింది.

బస్సులో

కొడంగల్ మీదుగా పరిగి వైపు వెళ్లే బస్సు. కిటికీ పక్కన నేను, పక్కన సునీత. ఊరు దాటి చాలా దూరం వచ్చాక ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"మేడం, నేను ఫోన్ల ఏమన్న?"

"ఎప్పుడు?"

"అంజమ్మతోని. నీ గడ్డ మస్తు మంచిగ పెరుగుతున్నది అన్న. గంతే అన్న. ల్యాబుల అని గూడ అన్లె."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ మాట నేనూ విన్నాను. మా ఇద్దరికీ అది శుభవార్త. మేం రోజూ అలాగే మాట్లాడుకుంటాం, ఫలానాది బాగా పెరుగుతోంది, ఫలానాది దిగులుగా ఉంది అని. గడ్డ కోయించుకున్న మనిషి చెవికి ఆ మాట ఎలా వినిపిస్తుందో ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మిగతా దారంతా సునీత కళ్లు తుడుచుకుంటూనే ఉంది. వెనక సీటులో కూర్చున్న పెద్దాయన "బిడ్డకు కడుపుల తిప్పుతున్నదా?" అని నిమ్మకాయ ఇచ్చాడు. వద్దంటే ఊరుకోలేదు. దాన్ని పట్టుకుని వాసన చూస్తూ దోమలో దిగింది.

దోమ దాటి

అంజమ్మ ఊరి బయట ఆటో దిగేసరికి దారికి అడ్డంగా గొర్రెల మంద. వెనక తలపాగా చుట్టుకున్న మనిషి. సునీతను చూసి నవ్వాడు. అంజమ్మ భర్త బీరప్ప.

"గొర్లకు ఎట్లున్నది?" అంది సునీత.

"వాటికేమాయె? మంచిగనే ఉన్నయి. దసరాకు అమ్మంగ మిగిలినయి గివే." ఆయనకు విషయం అర్థమై నవ్వు తగ్గింది. "ఇంట్లనే ఉన్నది. మీరొచ్చిన్రని ఎర్కైతె దొడ్డెనక నుంచి పోతది. నేను ముంగట నడుస్త, రాండ్రి."

అంజమ్మ గొర్రెల దొడ్డిలో ఉంది. పుట్టి కొద్ది రోజులైన గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పడుతోంది. మమ్మల్ని చూసింది. ఒళ్లో పిల్ల ఉండటం వల్ల లేవలేకపోయిందనుకుంటాను. కొంగు లాగి ఎడమ చెంప మీదికి కప్పుకుంది. నేను అంతవరకూ చూసింది ఆ చెంపలోంచి వచ్చిన కణాల్నే. మనిషి సన్నగా, పొడుగ్గా, నా కన్నా కొంచెం పెద్దగా ఉంది.

"వచ్చిన్రా," అంది. "కూసోండ్రి. ఏమయ్యా, నీళ్లియ్యి." నీళ్లు తాగేదాకా ఆగి, అప్పుడంది. "తీసి పారెయ్యుండ్రి దాన్ని."

"నేను తప్పు మాట్లాడిన అంజమ్మా..." సునీత మొదలుపెట్టింది.

"తప్పేం లేదు. నిజం చెప్పినవ్. సంబురంగ చెప్పినవ్." ఆమె మాట కొంచెం ముద్దగా ఉంటుంది, నిదానంగా మాట్లాడితే అంతా తెలుస్తుంది. "సగం దవడ పోతె పోయింది, పీడ వొదిలిందనుకున్న. ఇప్పుడు గాడ మంచిగ తిని పెరుగుతున్నదట. అది నాది గదా. నన్ను ఎతుక్కుంట నాకాడికి రాదా?"

నేను ముందే అనుకుని వచ్చాను, ఒక్కసారే అడుగుతాను, వద్దంటే బతిమాలను అని. ఇప్పుడు అడగాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఆ జెల్ కుదరడానికి పట్టిన కాలమంతా కళ్ల ముందు తిరిగింది. అయినా సంచిలోంచి తీయబోయిన కాగితాన్ని లోపలికే నెట్టేశాను.

"మీరు వద్దంటే ఉంచం అంజమ్మగారూ. నేను వెళ్లగానే అన్నీ తీసేస్తాం. ఎందుకని కూడా ఎవరూ అడగరు. పరీక్షకు మాత్రం రండి. అది మా పని కోసం కాదు, మీ కోసం."

అంజమ్మ 'గారూ' వినగానే బీరప్ప వైపు చూసింది. ఆ పిలుపు ఆమెకు కొత్తలా ఉంది.

నాకు గౌస్ భాయ్ మాట మనసులో మెదిలింది. "భయమేస్తోందా?" అని అడిగాను.

ఆమె గొర్రెపిల్ల నోట్లోంచి సీసా తీసి, దాన్ని కిందికి దింపింది. "దవడకాడ జర గుంజినా గదే అనుకుంట. ముద్ద మింగంగ అడ్డంబడ్డా గదే అనుకుంట. పరీక్షకొస్తె ఉన్నదంటరు. రాకుంటె ఎవ్వలు అనరు గదా." గొంతు తగ్గించింది. "గీయనకు చెప్పలె."

గీయన దొడ్డి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "ఇయ్యాల చెప్పినవ్ గదా," అన్నాడు మెల్లగా. తరువాత నాకు సాయం చేద్దామనుకున్నాడు. "పిచ్చిదానా, కత్తిరిచ్చిన బొచ్చు మల్ల గొర్రె మీదికి ఎక్కుతదా?"

"కత్తిరిచ్చిన బొచ్చు పెరుగదు. ఇది పెరుగుతున్నదట," అంది ఆమె.

నేను చెప్పాను. మా దగ్గరున్నదానికి కాళ్లు లేవనీ, ఒంటి వేడి ఉంచి మేత పెడితేనే బతుకుతుందనీ, కొద్ది రోజులు మానేస్తే చచ్చిపోతుందనీ, దాని దారి పళ్లెం అంచు దాకానేననీ. "మీ ఒంట్లో మళ్లీ రాదని మాత్రం నేను మాటివ్వలేను. అది పరీక్షలోనే తెలియాలి. కానీ వచ్చినా, మా దగ్గరున్నదాని వల్ల మాత్రం రాదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్తాను."

"మల్ల గంత పీడను కూసోబెట్టి మేపుడెందుకు?"

"కొట్టడానికి," అన్నాను.

ఆమె తల ఎత్తింది. "దేంతోని?"

"మందులతో. రోజూ ఒక మందు పోసి చూస్తాం, దేనికి చస్తుందో."

"సస్తున్నదా?"

నా ఫోన్‌లో వీడియోలున్నాయి. తీసి చూపిస్తే మధ్యాహ్నపు ఎండకు తెర మీద మా మొహాలే కనిపిస్తున్నాయి. బీరప్ప లోపలికెళ్లి నల్లటి గొంగడి తెచ్చి మా ముగ్గురి తలల మీద కప్పాడు. లోపల చీకటి, ఉన్ని వాసన, పొగ వాసన, గొర్రెపాల వాసన. ఆ చీకట్లో తెర వెలిగింది. పారదర్శకమైన జెల్‌లో గుండ్రటి ఉండలు, లోపల నల్లటి చుక్కల్లా కణాలు.

అంజమ్మ చాలాసేపు చూసింది. "గిదేనా?"

"ఇదే. ఇది ఎన్నో రెట్లు పెద్దది చేసి చూపించింది. అసలైతే కంటికి ఆనదు."

"గింతేనా!" అంది.

తరువాత మందు పోసిన వీడియో పెట్టాను. కొన్ని రోజుల్లో జరిగింది కొన్ని క్షణాల్లో కనిపిస్తుంది. ఉండల అంచులు చెదిరాయి, నల్లబడ్డాయి, కొన్ని విచ్చుకుని పొడిపొడి అయ్యాయి.

"మల్ల సూపియ్యి."

చూపించాను. మళ్లీ అడిగింది. బయటినుంచి బీరప్ప "నన్ను గూడ సూడనియ్యుండ్రి" అంటూ తల దూర్చాడు. నలుగురి తలలకు గొంగడి చాలక సునీత బయటికి పోయింది. బయట ఆమె నవ్వు వినిపించింది, బస్సెక్కిన తరువాత మొదటిసారి.

"అన్ని సచ్చినయా?"

"లేదు. చూడండి, ఈ మూల ఉన్నవి అలాగే ఉన్నాయి. ఇవి ఎందుకు మిగిలాయో మాకు తెలియట్లేదు. ఇంకో ల్యాబువాళ్ల దగ్గర మా దగ్గర లేని మందులున్నాయి. వాళ్లకు కొన్ని ఇవ్వొచ్చా అని అడగడానికే వచ్చాను. సరే, అది అయిపోయిన మాట."

అంజమ్మ గొంగడి తీసేసింది. ఎండకు కళ్లు చిట్లించి నా వైపు చూసింది.

"తీసి పారేస్తె, గా మిగిలినయి దేనికి సస్తయో ఎట్ల ఎర్కైతది?"

నేను ఫోన్ సంచిలో పెట్టేశాను.

"నాసొంటోళ్లు ఇంక వస్తరు గదా దవాఖానకు."

"వస్తారు."

"అయితె సంపకుండ్రి," అంది. "కొట్టుండ్రి. వాళ్లకు గూడ ఇయ్యుండ్రి, వాళ్లు గూడ కొట్టనియ్యి." చెయ్యి చాపింది. "కాయిదమేది? నాకు సంతకం వస్తది."

నేను కాగితం తీయలేదు. ఇప్పుడే వద్దు, పరీక్ష అయ్యాక, సునీత మొత్తం చదివి వినిపించాక, అప్పటికీ ఇదే మాట మీదుంటే పెట్టమన్నాను. బీరప్పకు ఇది అసలు నచ్చలేదు. "సంతకం కొరకు గింత దూరమొస్తిరి. పెడ్తనంటె వద్దంటరు. గిదేం కథ?" అన్నాడు.

అంజమ్మ జొన్నరొట్టెలు చేసింది, పుంటికూర పప్పుతో. మా వైపు అదే ఆకును గోంగూర అని పచ్చడి చేసుకుని ఊరంతా గొప్పలు చెప్పుకుంటాం. ఇక్కడ చడీచప్పుడు లేకుండా పప్పులో వేసి అంతకన్నా బాగా తింటారు. రొట్టె తినడం నాకు చేతకాలేదు. ఒక వైపు విరిస్తే ఇంకో వైపు ఒళ్లో పడింది. అంజమ్మ తన రొట్టెను పాలలో నానబెట్టుకుంటూ నా పళ్లెం చూసి, నాకూ ఒక గిన్నెలో పాలు పోసి ఇచ్చింది. "నువ్వు గూడ నా తీర్గనే తిను," అంది.

తిరుగు రైలు

తరువాత సంగతులు ముందే చెప్పేస్తాను. అంజమ్మకు పరీక్షలో ఏమీ కనిపించలేదు. దవడ దగ్గర గుంజేది కుట్లు మానిన చోట కండ బిగుసుకోవడం వల్లనట. రోజూ చేసుకోవాల్సిన వ్యాయామం చెప్పి పంపారు. సునీత ఆమెకు కాగితం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివి వినిపించింది. అంజమ్మ సంతకం పెట్టింది, పెట్టే ముందు మా ల్యాబుకు వచ్చి సూక్ష్మదర్శినిలో తన కళ్లతో చూసుకుంది. సునీత ఇప్పుడు ఎవరికి ఫోన్ చేసినా "మీ ఒంట్లోది కాదు" అన్న మాటతోనే మొదలుపెడుతుంది.

ఇవన్నీ జరగక ముందు, మర్నాడు పరీక్షకని అంజమ్మ కూడా మా వెంట బయల్దేరితే, వికారాబాద్‌లో మేం ముగ్గురం హైదరాబాద్ రైలెక్కినప్పటి మాట ఇది. పరీక్షలో ఏం తేలుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అంజమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఎదురుగా చిక్కుడుకాయల మూటతో ఒక ఆవిడ, లింగంపల్లిలో దిగి అమ్ముకోవడానికి పోతోంది. మూటను కాళ్ల మధ్య సర్దుకుని, ఊరుకోలేక పలకరించింది.

"ఏడికి పోతున్నవక్కా?"

"హైద్రాబాద్," అంది అంజమ్మ.

"ఏం పని మీద?"

నేనూ సునీతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంజమ్మ మాత్రం, పక్క ఊరి సంతకు పోతున్నట్టు, తీరిగ్గా చెప్పింది.

"నా గడ్డ ఉన్నది గాడ, వీళ్లకాడ. మందులతోని కొడుతున్నరట. ఎట్ల సస్తున్నదో సూసొస్త."

ఆవిడ అంజమ్మ దవడ వైపు చూసింది, తరువాత మా ఇద్దర్నీ పైనుంచి కిందిదాకా చూసింది.

"మంచిగ కొట్టమను," అంది.